జాబితాలో ఆఖరి పేరు

అది 1960 ఫిబ్రవరి 28, ఆదివారం. కాలిఫోర్నియాలోని స్క్వా వ్యాలీలో అమెరికా ఐస్ హాకీ జట్టు చెకోస్లొవేకియాను 9-4తో చిత్తుచేసింది. ఒలింపిక్స్‌లో ఆ దేశానికి ఈ ఆటలో అదే తొలి బంగారు పతకం. అమెరికా అంతా పండగ చేసుకుంటోంది. అక్కడికి ఎంతో దూరంలో, మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో మాత్రం ఓ తండ్రీ కొడుకూ టీవీ ముందు మౌనంగా కూర్చుని ఉన్నారు. కొడుకు పేరు హెర్బ్ బ్రూక్స్. వయసు ఇరవై రెండు. కొద్దివారాల కిందటిదాకా అతను కూడా ఆ జట్టు సభ్యుడే. ఆటలు ముంగిట్లోకి వచ్చాక కోచ్ జాక్ రైలీ జట్టులోంచి ఒకరిని తగ్గించాల్సి వచ్చింది. ఆఖరున కొట్టేసిన పేరు హెర్బ్‌ది.

ఆట ముగిశాక తండ్రి కొడుకు వైపు తిరిగాడు. ‘మొత్తానికి మీ కోచ్ తీసేయాల్సినవాణ్నే తీసేశాడురా!’ అన్నాడు.

ఇంకే తండ్రయినా ‘పోనీలేరా, మళ్లీ వస్తుంది అవకాశం’ అనేవాడు. ఈయన అలా అనలేదు. ఆ మాట హెర్బ్ మనసులో ముల్లులా ఉండిపోయింది. జీవితాంతం ఆ సంఘటనని తనే నలుగురికీ చెప్పుకొనేవాడు. తనను పక్కనపెట్టిన కోచ్ దగ్గరికి వెళ్లి, ‘మీరు గెలిచారంటే మీ నిర్ణయం సరైనదే అయ్యుండాలి’ అని కూడా అన్నాడట. ఆ మాటలో ఎంత హుందాతనం ఉందో, ఎంత ఉక్రోషం ఉందో ఊహించుకోవాల్సిందే.

సరిగ్గా ఇరవయ్యేళ్ల తర్వాత అమెరికాకు ఐస్ హాకీలో రెండో బంగారు పతకం వచ్చింది. తెచ్చిపెట్టింది హెర్బ్ బ్రూక్సే. ఆటగాడిగా కాదు, కోచ్‌గా!

మంచు మీద బడి

హాకీ అంటే మనకు పచ్చటి మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. అమెరికా, కెనడాల్లో హాకీ అని ఊరికే అంటే అది ఐస్ హాకీయే. దాదాపు అరవై మీటర్ల పొడవుండే మంచు గచ్చు. కాళ్లకు పదునైన స్కేట్లు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల, పేరు ‘పక్’. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, బరువు 170 గ్రాములకు అటూఇటూ. గట్టిగా కొడితే గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగం దాటుతుంది. గోలీతో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు ఆడతారు. ఒంట్లో శక్తినంతా పెట్టి పరుగు తీయాలి కాబట్టి ఎవరూ ఒక విడతలో నిమిషానికి మించి నిలవలేరు. ఆట ఆగకుండానే బెంచీ మీదివాళ్లు లోపలికి దూకుతుంటారు, లోపలివాళ్లు రొప్పుతూ బయటికొస్తుంటారు. దమ్ము ఉన్నవాడిదే ఆట.

సెయింట్ పాల్‌లో చలికాలం వస్తే చెరువులన్నీ గడ్డకడతాయి. ఆ ఊళ్లో తూర్పువైపున ఉండే శ్రామికుల పేటలో, 1937 ఆగస్టు 5న పుట్టిన హెర్బ్ నడక ఎంత సహజంగా నేర్చాడో స్కేటింగూ అంతే సహజంగా నేర్చాడు. 1955లో అతని జాన్సన్ హైస్కూలు రాష్ట్ర ఛాంపియన్ అయింది. తర్వాత మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ మరియుచి అనే పేరున్న కోచ్ దగ్గర ఆడాడు. చదివింది మనస్తత్వశాస్త్రం. ఆ చదువు తర్వాత ఎంత పనికొచ్చిందో ఆయన దగ్గర ఆడినవాళ్లకు బాగా తెలుసు!

1960లో తగిలిన దెబ్బకు ఆట మానేయలేదు. బీమా పాలసీలు అమ్ముకుంటూ జాతీయ జట్టుకు ఆడాడు. 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు, అమెరికా అయిదో స్థానం. 1968 గ్రెనోబుల్‌లోనూ ఉన్నాడు, ఆరో స్థానం. ఆటగాడిగా అతని మెడలో ఒలింపిక్ పతకం పడనేలేదు. ఆ రెండుసార్లూ స్వర్ణం సోవియట్ యూనియన్‌దే. వాళ్ల ఆట చూస్తూ హెర్బ్ ఒక సంగతి కనిపెట్టాడు. కెనడా, అమెరికా జట్లు పక్‌ని దూరంగా విసిరి, వెంటపడి, అడ్డొచ్చినవాణ్ని గుద్ది లాక్కుంటాయి. రష్యన్లు అలా కాదు. మగ్గం మీద నాడె ఆడినట్టు ఒకరి దారిలోకి ఒకరు వస్తూ పోతూ పక్‌ని చేతులు మార్చుకుంటారు. సోవియట్ హాకీకి పితామహుడనదగ్గ అనతోలీ తరసోవ్ పద్ధతుల్ని హెర్బ్ శ్రద్ధగా చదువుకున్నాడు. శత్రువు దగ్గర పాఠం నేర్చుకోవడానికి ఆయనకు నామోషీ లేదు.

1972లో తను చదివిన విశ్వవిద్యాలయానికే కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు ఏడాది ఆ జట్టు తమ కాన్ఫరెన్సులో అట్టడుగున ఉంది. రెండేళ్లు తిరిగేసరికి, 1974లో జాతీయ ఛాంపియన్! ఆ విశ్వవిద్యాలయానికి అదే మొదటిసారి. అప్పట్లో అమెరికా కాలేజీ జట్లు చాలావరకు కెనడా కుర్రాళ్లని తెచ్చుకుని గెలిచేవి. హెర్బ్ జట్టులో దాదాపు అందరూ మిన్నెసోటా పిల్లలే. 1976లో మళ్లీ, 1979లో మళ్లీ అదే కప్పు. దాంతో 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్ జట్టు ఆయన చేతికొచ్చింది.

‘నేను మీ స్నేహితుణ్ని కాదు’

ఎదురుగా ఉన్నది ఎవరో తెలిస్తే ఆ ఉద్యోగానికి ఎవరూ ఎగబడరు. 1964, 68, 72, 76... వరసగా నాలుగు స్వర్ణాలు సోవియట్లవి. పేరుకు సైనికులు, పని మాత్రం ఏడాది పొడవునా హాకీ ఆడటమే. 1979 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఏరికోరి కూర్చిన జట్టునే 6-0తో ఓడించి సిరీస్ పట్టుకుపోయారు. వాళ్ల మీదికి హెర్బ్ పంపాల్సింది కాలేజీ కుర్రాళ్లని. ఒలింపిక్స్‌లో అప్పుడు ప్రొఫెషనల్స్‌కి చోటు లేదు మరి.

1979 వేసవిలో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఎంపికలు జరిగాయి. మొదట 26 మందిని తీసుకున్నారు. అందులోంచి చివరికి 20 మందే మిగలాలి. ఇరవైల్లో అడుగుపెట్టినవాళ్లే ఎక్కువ. అసలు చిక్కు వయసు కాదు. సగం మంది మిన్నెసోటావాళ్లు, నలుగురు బోస్టన్ విశ్వవిద్యాలయంవాళ్లు. ఈ రెండు కాలేజీలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. 1976లో కాలేజీ సెమీఫైనల్లో మంచు మీదే కొట్టుకున్నారు. ఆ పగలు ఇంకా చల్లారలేదు.

హెర్బ్ దానికో మందు కనిపెట్టాడు. ఇద్దరు కొట్టుకుంటున్నప్పుడు వాళ్లని కలపాలంటే మూడో శత్రువు కావాలి. ఆ మూడో శత్రువు తనే అయ్యాడు. ‘నేను మీ కోచ్‌ని, స్నేహితుణ్ని కాదు’ అని మొదటే చెప్పేశాడు. ఎవరితోనూ నవ్వేవాడు కాదు. ఓదార్పు, భుజం తట్టడం లాంటివన్నీ సహాయ కోచ్ క్రెయిగ్ పాట్రిక్ వంతు. హెర్బ్ తిట్లు కూడా మామూలుగా ఉండవు. ‘రోజురోజుకీ నీ ఆట దిగజారుతోంది. ఇవాళ నువ్వు ఆడింది వచ్చేనెల మధ్యలో ఆడాల్సిన ఆట!’ అనేవాడు. ‘కేవలం ప్రతిభతో గెలిచేంత ప్రతిభ మీకు లేదు’ అనేవాడు. తిట్లు తింటూనే కుర్రాళ్లు వాటిని పుస్తకంలో రాసిపెట్టుకునేవాళ్లు.

సెప్టెంబరులో నార్వేలో ఓ స్నేహపూర్వక మ్యాచ్. అమెరికా కుర్రాళ్లు ఒళ్లు దాచుకుని ఆడారు. బెంచీ మీద కూర్చుని ఆట సంగతి వదిలేసి స్టాండ్లలోని అమ్మాయిల గురించి మాట్లాడుకుంటున్నారు. స్కోరు 3-3. ఆట అయ్యాక స్నానాలకు బయల్దేరబోతుంటే హెర్బ్ ఆపాడు. అందర్నీ గోల్ గీత మీద నిలబెట్టి పరుగు పెట్టమన్నాడు. దగ్గరి నీలి గీత దాకా వెళ్లి వెనక్కి. మధ్యలో ఎర్ర గీత దాకా వెళ్లి వెనక్కి. అవతలి నీలి గీత దాకా వెళ్లి వెనక్కి. ఆ చివరి గోల్ గీత దాకా వెళ్లి వెనక్కి. అయ్యాక మళ్లీ. ఇంకా మళ్లీ! చూడటానికి వచ్చినవాళ్లు ఇదేదో ప్రదర్శన అనుకుని మొదట్లో చప్పట్లు కొట్టారు, తర్వాత లేచి వెళ్లిపోయారు. స్టేడియం సిబ్బంది ఇళ్లకు పోవాలని దీపాలార్పేశారు. చీకట్లోనూ పరుగు ఆగలేదు. ఎవరో విసుగెత్తి హాకీ కర్రను గోడకేసి విరగ్గొట్టారు. అయినా ఆగలేదు.

మర్నాడు అదే నార్వే జట్టును చిత్తుగా ఓడించారు.

ఇది క్రౌర్యమా, శిక్షణా అంటే జవాబు చెప్పడం కష్టమే. ఇప్పటి తల్లిదండ్రులెవరైనా తమ పిల్లాడి కోచ్ ఇలా చేశాడని వింటే ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. కానీ ఆ రాత్రి చీకట్లో మిన్నెసోటావాడూ బోస్టన్‌వాడూ ఒకే గీత మీద నిలబడి ఒకే మనిషిని తిట్టుకున్నారన్నది నిజం.

మరో ఆఖరి పేరు

ఆటలు దగ్గరపడుతున్నకొద్దీ హెర్బ్‌కి గండం మొదలైంది. ఇరవై మందే ఉండాలి. కొత్తవాళ్లని కొందరిని ఆఖర్లో పిలిపించి చూశాడు. ఆటగాళ్లు తిరగబడ్డారు. కెప్టెన్ మైక్ ఎరుజియోనీ మరికొందరూ వెళ్లి, ‘ఆర్నెల్ల నుంచి కలిసి చస్తున్నాం. తీసేస్తే మాలోంచే తీసేయండి, బయటివాళ్లని తేవద్దు’ అన్న అర్థంలో గట్టిగానే చెప్పారు. హెర్బ్ కొత్తవాళ్లని వెనక్కి పంపించాడు. బహుశా ఆయన ఎదురుచూసింది దానికోసమేనేమో!

అయినా లెక్క ప్రకారం తీసేయాల్సినవాళ్లు మిగిలే ఉన్నారు. చిట్టచివర పోయినవాళ్లలో న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయం ఆటగాడు రాల్ఫ్ కాక్స్ ఒకడు. అతన్ని పిలిచి ఆ సంగతి చెప్పాల్సింది హెర్బే. 1960లో తను ఏ కుర్చీలో కూర్చున్నాడో ఇప్పుడు ఆ కుర్చీలో కాక్స్ ఉన్నాడు. కాక్స్ ఎదురు చెప్పలేదు, నిష్ఠూరమాడలేదు. కళ్లనీళ్లు పెట్టుకున్నది కోచ్. ఆర్నెల్లపాటు ఒక్కరి ముందూ కరగని మనిషి ఆరోజు కరిగిపోయాడు. కోచ్‌గా తను చేసిన పనుల్లో అంతకన్నా కష్టమైనది లేదని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

అంతటితో అయిపోలేదు. ఒలింపిక్స్‌కు మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 9న న్యూయార్క్‌లో సోవియట్లతో మ్యాచ్. 10-3తో ఓడిపోయారు. పైగా డిఫెన్స్ ఆటగాడు జాక్ ఓకాలహన్ మోకాలికి దెబ్బ. అతని బదులు ఇంకొకరిని తీసుకునే వీలుంది. అందరూ అదే సబబన్నారు. హెర్బ్ ఒప్పుకోలేదు. కుంటుతున్నవాణ్ని అలాగే లేక్ ప్లాసిడ్ తీసుకెళ్లాడు. లెక్కలు చూసే కోచ్ చేసే పని కాదది. 1960 ఫిబ్రవరిలో టీవీ ముందు కూర్చున్న ఆ కుర్రాడు చేసిన పనేమో!

నాలుగు... మూడు

లేక్ ప్లాసిడ్ న్యూయార్క్ రాష్ట్రంలో కొండల మధ్య చిన్న ఊరు. అప్పటికి అమెరికా పరిస్థితి ఏమీ బాగాలేదు. టెహ్రాన్‌లో దౌత్యసిబ్బంది బందీలుగా ఉన్నారు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్థాన్‌లోకి వెళ్లాయి. మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరిస్తామని అమెరికా అంటోంది. ఆ వేడిలో హాకీ మ్యాచ్ కూడా యుద్ధంలాగే కనిపించింది. హెర్బ్‌కి మాత్రం అది హాకీ మ్యాచే.

తొలి మ్యాచ్ స్వీడన్‌తో. ఇంకా 27 సెకన్లు ఉందనగా బిల్ బేకర్ గోల్ కొట్టి 2-2 చేశాడు. ఆ తర్వాత చెకోస్లొవేకియాపై 7-3, నార్వేపై 5-1, రుమేనియాపై 7-2, పశ్చిమ జర్మనీపై 4-2. ఇక ఫిబ్రవరి 22, శుక్రవారం సాయంత్రం సోవియట్లతో.

అంతకుముందు నుంచీ హెర్బ్ ఒక చిన్న తంత్రం నడుపుతున్నాడు. సోవియట్ కెప్టెన్ బొరిస్ మిఖైలోవ్ అంటే అందరికీ హడల్. ‘ఆ మొహం సరిగ్గా చూడండి, లారెల్-హార్డీలో లారెల్‌లా లేడూ? లారెల్‌తో ఆడలేరా మీరు?’ అని కుర్రాళ్లని అడిగేవాడు. నవ్వొచ్చినవాడి మీద భయం ఎంతసేపుంటుంది! మ్యాచ్‌కి ముందు మాత్రం నవ్వించలేదు, తిట్టలేదు. జేబులోంచి కాగితం తీసి క్లుప్తంగా మాట్లాడాడు. ‘మీరు ఆటగాళ్లుగా పుట్టారు. ఇక్కడ ఉండాలనే వచ్చారు. ఈ క్షణం మీది’ అన్నాడు.

సోవియట్లు ముందు గోల్ కొట్టారు. అమెరికా సమం చేసింది. వాళ్లు మళ్లీ కొట్టారు. మొదటి భాగం ముగియడానికి ఒక్క సెకను... అవును, ఒక్కటంటే ఒక్క సెకను ఉందనగా మార్క్ జాన్సన్ గోల్! 2-2. సోవియట్ కోచ్ విక్తర్ తిఖనోవ్‌కి కోపం నషాళానికి అంటింది. ప్రపంచంలోనే మేటి గోలీ అని పేరున్న వ్లదిస్లవ్ త్రెత్యాక్‌ని తీసి బెంచీ మీద కూర్చోబెట్టాడు. తన జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. చిత్రం చూడండి... ఒకరిని తప్పించడం ఎంత భారమో తెలిసిన కోచ్ ఇటు, క్షణికావేశంలో తప్పించిన కోచ్ అటు.

రెండో భాగం అయ్యేసరికి 3-2తో సోవియట్లదే పైచేయి. మూడో భాగంలో జాన్సన్ మళ్లీ సమం చేశాడు. సరిగ్గా పది నిమిషాలు మిగిలి ఉండగా ఎరుజియోనీ గోల్. 4-3! ఆ పది నిమిషాలూ ఎలా గడిచాయో స్టేడియంలో ఉన్న ఎనిమిది వేల పైచిలుకు జనానికి తెలుసు. సోవియట్లు మొత్తం 39 సార్లు గోల్ మీదికి కొట్టారు, అమెరికా కొట్టింది 16 సార్లే. గోలీ జిమ్ క్రెయిగ్ 36 ఆపాడు. ఆధిక్యం రాగానే చాలామంది కోచ్‌లు వెనక్కి తగ్గి గోల్ కాచుకోమంటారు. హెర్బ్ బెంచీ ముందు అటూఇటూ నడుస్తూ ఒక్కటే మాట... ‘మీ ఆట మీరు ఆడండి. మీ ఆట ఆడండి’. చీకట్లో చేసిన పరుగులన్నీ ఆ చివరి పది నిమిషాల్లో వడ్డీతో తిరిగొచ్చాయి. అలసిపోయింది సోవియట్లు.

వ్యాఖ్యాత ఆల్ మైకేల్స్ ‘అద్భుతాలు జరుగుతాయని నమ్ముతారా?’ అని అరిచింది అప్పుడే. అందుకే దానికి ‘మంచు మీద అద్భుతం’ అని పేరు స్థిరపడింది. తమాషా ఏమిటంటే అమెరికాలో చాలామంది దాన్ని ప్రత్యక్షంగా చూడనేలేదు. సాయంత్రం అయిదింటికి జరిగిన ఆటను టీవీలో రాత్రికి వేశారు.

మంచు మీద కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. కోచ్ ఏడీ? చేతులెత్తాడు, ఓ క్షణం చూశాడు, గిర్రున తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. ఆ సంబరం ఆడినవాళ్లదనీ, మధ్యలో తనెందుకనీ ఆయన ఉద్దేశం. లోపల ఒంటరిగా ఏడ్చాడు.

అసలు విషయం ఏమిటంటే, చాలామంది అనుకున్నట్టు పతకం ఆరోజు రాలేదు. ఆదివారం ఫిన్లాండ్‌తో ఇంకో మ్యాచ్ ఉంది. అది పోతే స్వర్ణం సంగతి అటుంచి ఏ పతకమూ రాకుండా పోయే ప్రమాదం ఉంది. శనివారం సాధనలో హెర్బ్ మళ్లీ పాత హెర్బే. సంతకాలు, ఫొటోలు అంటూ ఉబ్బిపోయిన కుర్రాళ్లని దుమ్ము దులిపేశాడు. ఆదివారం రెండు భాగాలయ్యేసరికి 2-1తో ఫిన్లాండ్ ముందుంది. విరామంలో హెర్బ్ గదిలోకొచ్చి, ‘ఈ మ్యాచ్ ఓడితే ఆ బాధని సమాధి దాకా మోస్తారు’ అన్నాడు. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఓ తిట్టు జోడించి ‘సమాధి దాకా!’ అని మళ్లీ అని వెళ్లిపోయాడు. ఇరవయ్యేళ్లుగా మోస్తున్నవాడు చెప్పిన మాట అది. చివరి భాగంలో మూడు గోల్స్ కొట్టి 4-2తో గెలిచారు.

అదే ఏడాది జులైలో, అమెరికా బహిష్కరించిన మాస్కో ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కూడా స్వర్ణం గెలిచింది. ఫైనల్లో స్పెయిన్ మీద మన స్కోరు కూడా 4-3. మనకు మాత్రం హాకీలో ఆ తర్వాత మళ్లీ స్వర్ణం రాలేదు.

ఆ తర్వాత

అద్భుతం చేసినవాడి మీద అందరి కళ్లూ ఉంటాయి, తర్వాతి పని ఏదీ అంత పెద్దగా కనిపించదు. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో కొన్నాళ్లు పనిచేశాడు. 1981లో న్యూయార్క్ రేంజర్స్‌కి వచ్చి, బాగానే గెలిపించి, 1985లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తీసేసింది ఎవరనుకున్నారు? లేక్ ప్లాసిడ్‌లో ఆయనకు సహాయకుడిగా ఉన్న క్రెయిగ్ పాట్రిక్! అయినా వాళ్ల స్నేహం చెడలేదు. పిట్స్‌బర్గ్‌లో పాట్రిక్ పిలిస్తే మళ్లీ వెళ్లి పనిచేశాడు. అంతకుముందు సొంత రాష్ట్రంలో సెయింట్ క్లౌడ్ అనే కాలేజీకి ఏడాదిపాటు కోచ్‌గా ఉండి, ఆ జట్టు పై డివిజన్‌కి చేరేలా చేశాడు. ప్రపంచ ప్రసిద్ధుడు ఓ చిన్న కాలేజీకి ఎందుకని అడిగినవాళ్లున్నారు. తన గురువు మరియుచి చెబితే కాదనలేకపోయాడు. మిన్నెసోటా నార్త్ స్టార్స్, న్యూజెర్సీ డెవిల్స్ జట్ల దగ్గర ఆయన పప్పులుడకలేదు. 1998 నగానో ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ జట్టుకు కోచ్!

2002లో సాల్ట్ లేక్ సిటీలో మళ్లీ అమెరికా జట్టు ఆయన చేతికొచ్చింది. ఈసారి కోట్లు సంపాదించే ప్రొఫెషనల్ ఆటగాళ్లు. సెమీఫైనల్లో రష్యాపై 3-2తో గెలుపు. తేదీ ఫిబ్రవరి 22. సరిగ్గా ఇరవై రెండేళ్లు! ఫైనల్లో మాత్రం కెనడా చేతిలో 5-2తో ఓటమి, రజతం.

2003 ఆగస్టు 11 మధ్యాహ్నం ఆయన మిన్నెసోటాలో కారు నడుపుకుంటూ ఇంటికి వస్తున్నాడు. ఫారెస్ట్ లేక్ దగ్గర హైవే మీద బండి అదుపుతప్పి బోల్తాపడింది. సీటుబెల్టు పెట్టుకోలేదు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. అరవై ఆరేళ్లు నిండి ఆరు రోజులే అయింది. ఆయన కథతో ‘మిరకిల్’ అనే సినిమా అప్పటికి తయారవుతోంది. 2004లో విడుదలైంది, ఆయన చూడలేదు. 2005లో లేక్ ప్లాసిడ్‌లోని ఆ మంచు మైదానానికి ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడాది టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటిచ్చారు.

నార్వేలో ఆ రాత్రి పెట్టిన పరుగుకీ ఓ పేరుంది. ‘హెర్బీలు’ అంటారు. అమెరికాలో పిల్లలు స్కేటింగ్ నేర్చుకునే చోటికి చలికాలం సాయంత్రం వెళ్తే, కోచ్ ఈల వేసి ఆ మాట అనగానే బుడతలంతా ఒక్కసారి ఉసూరుమంటారు. తర్వాత వచ్చి గోల్ గీత మీద వరసగా నిలబడతారు. నీలి గీత దాకా వెళ్లి వెనక్కి. ఎర్ర గీత దాకా వెళ్లి వెనక్కి...